కాక్లియర్ ఇంప్లాంట్: వినికిడి లేని చిన్నారులకు శబ్ద ప్రపంచం – సకాలంలో గుర్తింపే కీలకం

ప్రత్యేక వ్యాసం – ఆరోగ్యం, సంక్షేమం

పుట్టుకతో వచ్చే వినికిడి లోపం కంటికి కనిపించనిది. వినపడని శిశువు కూడా ఇతర శిశువుల వలెనే ఏడుస్తుంది, నవ్వుతుంది, తల్లి ముఖాన్ని చూసి కేరింతలు కొడుతుంది. రెండేళ్లు నిండినా మాటలు రాకపోతే "వాళ్ల నాన్నకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని ఇంటి పెద్దలు సర్ది చెప్పుకోవడం మన కుటుంబాలలో సర్వసాధారణం. ఆ విధంగా గడచిపోయే కాలమే ఆ బిడ్డ భవిష్యత్తుకు అత్యంత విలువైన కాలమని వైద్య శాస్త్రం స్పష్టం చేస్తున్నది. తీవ్రమైన వినికిడి లోపం గల చిన్నారులకు శబ్దాన్ని అందించగల కాక్లియర్ ఇంప్లాంట్ పరికరం నేడు అందుబాటులో ఉన్నది. పేద కుటుంబాలకు ప్రభుత్వ సహాయం కూడా లభిస్తున్నది. అయినప్పటికీ ఈ పరికరం ఇచ్చే ఫలితం, బిడ్డను ఏ వయస్సులో గుర్తించారు, శస్త్రచికిత్స అనంతరం ఎంత శ్రద్ధగా శిక్షణ ఇచ్చారు అనే రెండు అంశాలపైననే ప్రధానంగా ఆధారపడి ఉంటుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం గలవారి సంఖ్య సుమారు 50.7 లక్షలు. ప్రపంచవ్యాప్తంగా 43 కోట్ల మందికి వినికిడికి సంబంధించిన పునరావాస సేవలు అవసరమని, 2050 నాటికి ఈ సంఖ్య 70 కోట్లు దాటగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదికలో పేర్కొన్నది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం సంభాషణకు అవసరమైన పౌనఃపున్యాలలో రెండు చెవులకూ 70 డెసిబెల్స్ మేరకు లోపం ఉన్నవారిని బధిరులుగాను, 60 నుండి 70 డెసిబెల్స్ వరకు లోపం ఉన్నవారిని వినికిడి మాంద్యం గలవారుగాను పరిగణిస్తారు.

వినికిడి కలిగే విధానం

చెవిలో వెలుపలి చెవి, మధ్య చెవి, లోపలి చెవి అని మూడు భాగాలు కలవు. వెలుపలి చెవి గుండా ప్రవేశించిన శబ్ద తరంగాలు కర్ణభేరిని కదిలిస్తాయి. ఆ కదలిక మధ్య చెవిలోని మూడు సూక్ష్మమైన ఎముకల ద్వారా లోపలి చెవికి చేరుతుంది. అక్కడ నత్తగుల్ల ఆకారంలో రెండున్నర చుట్లు చుట్టుకొని ఉండే అవయవమే కర్ణావర్తం. దీనినే వైద్యులు కాక్లియా అని వ్యవహరిస్తారు. దీనిని చాపినచో పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు మాత్రమే. ద్రవంతో నిండిన ఈ చిన్న గొట్టంలో సుమారు 15 వేల రోమ కణాలు వరుసలుగా అమరి ఉంటాయి. శబ్ద కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మార్చి శ్రవణ నాడికి అందించడం ఈ కణాల పని. ఆ నాడి ద్వారా సంకేతాలు మెదడుకు చేరినప్పుడే మనకు శబ్దం వినబడుతుంది.

కర్ణావర్తంలో ప్రతి స్థాయి స్వరానికి ఒక నిర్దిష్టమైన స్థానం ఉన్నది. హెచ్చు స్థాయి స్వరాలు మొదటి చుట్టు వద్ద, తగ్గు స్థాయి స్వరాలు చిట్టచివరి చుట్టు వద్ద గుర్తించబడతాయి. కర్ణావర్తంలో శబ్దం ప్రయాణించే తీరును నిరూపించినందుకు గియోర్గ్ వాన్ బెకెసీకి 1961లో నోబెల్ బహుమతి లభించింది. కాక్లియర్ ఇంప్లాంట్ రూపకల్పనకు ఈ స్థాన సూత్రమే ఆధారం.

రోమ కణాలు ఒకసారి నశిస్తే మానవులలో తిరిగి పుట్టవు. జన్యు లోపాలు, గర్భవతికి సోకే రూబెల్లా, సైటోమెగలో వైరస్ వంటి వ్యాధులు, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన వెంటనే వచ్చే తీవ్రమైన కామెర్లు, మెదడు పొరల వాపు, కొన్ని రకాల యాంటీబయాటిక్ మందులు ఈ నష్టానికి కారణం కావచ్చును. మేనరికాలు, దగ్గరి రక్త సంబంధీకుల మధ్య వివాహాలు నేటికీ జరుగుతున్న తెలుగు ప్రాంతాలలో జన్యుపరమైన వినికిడి లోపంపై ప్రత్యేక దృష్టి అవసరం. తల్లిదండ్రులిద్దరికీ వినికిడి సక్రమంగా ఉన్నప్పటికీ, ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే జన్యు లోపం బిడ్డలో బయటపడవచ్చును. రక్త సంబంధీకుల వివాహాలలో ఈ అవకాశం హెచ్చుగా ఉంటుంది.

వినికిడి యంత్రానికి, ఇంప్లాంట్‌కు గల భేదం

ఈ రెండింటినీ ఒకటిగా భావించడం కద్దు. వినికిడి యంత్రం శబ్దాన్ని పెద్దది చేసి చెవిలోనికి పంపుతుంది. పనిచేసే రోమ కణాలు కొంతమేరకైనా మిగిలి ఉన్నవారికే అది ఉపయోగపడుతుంది. రోమ కణాలు దాదాపుగా నశించినవారికి శబ్దాన్ని ఎంత పెద్దది చేసినా ప్రయోజనం ఉండదు. కాక్లియర్ ఇంప్లాంట్ శబ్దాన్ని పెద్దది చేయదు. దెబ్బతిన్న రోమ కణాలను దాటవేసి, శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి నేరుగా శ్రవణ నాడికి అందిస్తుంది.

పరికర నిర్మాణం

ఈ పరికరానికి రెండు భాగాలు ఉంటాయి. చెవి వెనుక ధరించే వెలుపలి భాగంలో మైక్రోఫోన్, సంభాషణను విశ్లేషించే ప్రాసెసర్, బ్యాటరీ, తలపై అయస్కాంతం సహాయంతో అతుక్కొని ఉండే చిన్న ప్రసార చుట్ట ఉంటాయి. శస్త్రచికిత్స ద్వారా అమర్చే లోపలి భాగంలో సంకేతాలను గ్రహించే రిసీవర్, దానికి అనుసంధానమైన సన్నని ఎలక్ట్రోడ్ల తీగ ఉంటాయి.

మైక్రోఫోన్ గ్రహించిన శబ్దాన్ని ప్రాసెసర్ వివిధ పౌనఃపున్యాలుగా విభజించి సంకేతాలుగా మారుస్తుంది. ప్రసార చుట్ట ఈ సంకేతాలను రేడియో తరంగాల రూపంలో చర్మం గుండా లోపలి రిసీవర్‌కు పంపుతుంది. రిసీవర్ వాటిని విద్యుత్ స్పందనలుగా మార్చి కర్ణావర్తంలోని ఎలక్ట్రోడ్లకు చేరుస్తుంది. హెచ్చు స్వరాల సంకేతం మొదటి చుట్టులోని ఎలక్ట్రోడ్లకు, తగ్గు స్వరాల సంకేతం లోతున ఉన్న ఎలక్ట్రోడ్లకు అందుతుంది. సాధారణంగా వాడుకలో ఉన్న ఇంప్లాంట్ల లోపలి భాగంలో బ్యాటరీ ఉండదు. అవసరమైన విద్యుత్తు కూడా వెలుపలి నుండే అందుతుంది. కావున ప్రాసెసర్‌ను తీసివేసిన మరుక్షణం ఆ వ్యక్తి తిరిగి నిశ్శబ్దంలోనికి వెళ్లిపోతాడు.

15 వేల రోమ కణాలు చేసే పనిని ఈ పరికరంలో 12 నుండి 22 ఎలక్ట్రోడ్లు నిర్వర్తిస్తాయి. అందువలన ఇంప్లాంట్ ద్వారా వినబడే ధ్వని సహజ శ్రవణంతో సమానం కాదు. మాటలను గ్రహించడానికి ఇది చాలినంతగా తోడ్పడుతుంది. సంగీతంలోని సూక్ష్మ భేదాలను, రద్దీగా ఉన్న చోట ఒకరి మాటను వేరుచేసి వినడాన్ని మాత్రం కష్టతరంగానే ఉంచుతుంది. ఈ పరిమితిని తల్లిదండ్రులకు ముందుగానే తెలియజేయడం వైద్యుల బాధ్యత.

ఆవిర్భావ క్రమం

శ్రవణ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించే ప్రయోగాన్ని 1957లో పారిస్‌లో ఆండ్రే జూర్నో, షార్ల్ ఎరియెస్ నిర్వహించారు. 1961లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో విలియం హౌస్ ఒకే మార్గం గల ఇంప్లాంట్‌ను అమర్చారు. వియన్నాలో ఇంగెబోర్గ్ హోక్‌మైర్, ఎర్విన్ హోక్‌మైర్ దంపతులు రూపొందించిన బహుళ మార్గాల పరికరం 1977లో ఒక రోగికి అమర్చబడింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ప్రొఫెసర్ గ్రేమ్ క్లార్క్ 1978 ఆగస్టు 1న తమ బహుళ మార్గాల ఇంప్లాంట్‌ను తొలిసారిగా అమర్చారు. మందుల దుకాణం నడిపిన తన తండ్రి వినికిడి లోపంతో పడిన ఇబ్బందిని చిన్ననాట చూసి ఉండటమే క్లార్క్‌ను ఈ పరిశోధన వైపు నడిపించింది. మెలికలు తిరిగిన కర్ణావర్తంలోనికి తీగను ఏ విధంగా పంపాలన్న సమస్యకు ఆయనకు సముద్రతీరంలో పరిష్కారం తోచింది. ఒక గవ్వలోనికి గడ్డి పరకను దూర్చి చూసినప్పుడు, కొన మెత్తగాను మొదలు గట్టిగాను ఉన్న పరక సులువుగా లోపలికి జారడాన్ని ఆయన గమనించారు.

అనంతర కాలంలో బ్లేక్ విల్సన్ బృందం రూపొందించి 1991లో ప్రకటించిన ధ్వని విశ్లేషణ విధానం మాటల స్పష్టతను గణనీయంగా మెరుగుపరచింది. క్లార్క్, ఇంగెబోర్గ్ హోక్‌మైర్, విల్సన్ ముగ్గురికీ 2013లో లాస్కర్ పురస్కారం లభించింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ బహుళ మార్గాల ఇంప్లాంట్‌ను 1985లో పెద్దలకు, 1990లో రెండేళ్లు దాటిన పిల్లలకు ఆమోదించింది. ఈ కనిష్ఠ వయోపరిమితి 2000లో 12 నెలలకు, 2020లో ఒక పరికరం విషయంలో 9 నెలలకు తగ్గించబడింది. వయోపరిమితి క్రమంగా తగ్గుతూ రావడమే, చికిత్స ఎంత త్వరగా జరిగితే అంత మేలు అన్న అంశానికి నిదర్శనం. 2022 నాటికి ప్రపంచవ్యాప్తంగా పది లక్షలకు పైగా ఇంప్లాంట్లు అమర్చబడ్డాయి.

వయస్సు ఎందుకు ముఖ్యం

వినడం చెవితో ప్రారంభమైనా, శబ్దానికి అర్థం చెప్పేది మెదడు. తొలి సంవత్సరాలలో శబ్ద సంకేతాలు అందకపోతే మెదడులోని శ్రవణ భాగం ఆ పనికి తగినట్లు వృద్ధి చెందదు. ఆ భాగం క్రమంగా చూపు వంటి ఇతర పనులకు మళ్లుతుంది. సుమారు మూడున్నర సంవత్సరాల లోపు ఇంప్లాంట్ పొందిన పిల్లలలో మెదడు ప్రతిస్పందన ఇతర పిల్లల స్థాయికి చేరుకోగలదని, ఏడేళ్లు దాటిన తరువాత పొందినవారిలో అది చాలామందికి సాధ్యం కావడం లేదని 2002లో ప్రచురితమైన పరిశోధనలు వెల్లడించాయి. అందువలననే పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు ప్రభుత్వ పథకాలలో వయోపరిమితి విధించబడింది. ఒకప్పుడు చక్కగా విని, మాటలు నేర్చిన తరువాత వినికిడి కోల్పోయిన పెద్దలకు ఈ పరిమితి వర్తించదు. వారి మెదడుకు శబ్ద స్మృతి ఉన్నందున వృద్ధాప్యంలో సైతం ఇంప్లాంట్ ప్రయోజనకరంగా ఉంటుంది.

ఈ కారణంగా 1-3-6 సూత్రం అంతర్జాతీయంగా ఆమోదం పొందింది. మొదటి నెల లోపు ప్రాథమిక పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స ప్రారంభం కావాలన్నది ఈ సూత్రం. నిద్రిస్తున్న శిశువు చెవిలో చిన్న గొట్టం అమర్చి కొద్ది నిమిషాలలో చేసే ఓ.ఏ.ఇ. పరీక్ష వలన బిడ్డకు ఎటువంటి నొప్పి కలగదు. ఇందులో సందేహం కలిగితే శ్రవణ నాడి స్పందనలను నమోదు చేసే బెరా పరీక్ష ద్వారా లోపాన్ని నిర్ధారిస్తారు.

ఎవరికి అమర్చవచ్చును

రెండు చెవులలోను తీవ్రమైన లేదా అతి తీవ్రమైన లోపం ఉండి, శక్తిమంతమైన వినికిడి యంత్రాలను కొన్ని నెలలపాటు వాడినా తగిన ప్రయోజనం పొందని పిల్లలను ఈ చికిత్సకు పరిశీలిస్తారు. సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షల ద్వారా కర్ణావర్తం నిర్మాణం, శ్రవణ నాడి ఉనికి నిర్ధారించుకోవడం తప్పనిసరి. శ్రవణ నాడి లేనివారికి, కర్ణావర్తం రూపొందనివారికి ఈ పరికరం పనిచేయదు. మెదడు పొరల వాపు సోకిన తరువాత వినికిడి కోల్పోయిన పిల్లల విషయంలో ఆలస్యం ఏమాత్రం తగదు. ఆ వ్యాధి అనంతరం కర్ణావర్తం లోపల ఎముక పెరిగి మూసుకుపోయే ప్రమాదం ఉన్నందున, కొన్ని వారాల జాప్యం కూడా ఎలక్ట్రోడ్లను అమర్చలేని స్థితికి దారితీయవచ్చును.

శస్త్రచికిత్స పూర్తి మత్తులో సాధారణంగా రెండు, మూడు గంటలపాటు జరుగుతుంది. చెవి వెనుక చర్మాన్ని తెరచి, అక్కడి ఎముకను తొలచి, కర్ణావర్తంలోనికి ఎలక్ట్రోడ్ల తీగను ప్రవేశపెడతారు. ఇన్‌ఫెక్షన్, తల తిరుగుట, రుచిలో మార్పు, అరుదుగా ముఖ నాడికి దెబ్బ తగలడం, పరికరం విఫలం కావడం వంటి సమస్యలు సంభవించవచ్చును. మెదడు పొరల వాపు సోకే అవకాశం ఇంప్లాంట్ పొందినవారిలో కొంత అధికం కనుక న్యుమోకాకల్ టీకా ముందుగానే ఇప్పించవలసి ఉంటుంది.

శస్త్రచికిత్స అనంతరమే అసలు కృషి

ఆపరేషన్ పూర్తి కాగానే బిడ్డకు వినబడుతుందన్న అభిప్రాయం సరికాదు. గాయం మానిన తరువాత, సుమారు రెండు నుండి నాలుగు వారాలకు వెలుపలి ప్రాసెసర్‌ను అమర్చి పరికరాన్ని తొలిసారి పనిచేయిస్తారు. దీనినే స్విచ్ ఆన్ అంటారు. మొదటిసారి శబ్దం తగిలినప్పుడు కొందరు పిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు. మరికొందరు ఏమీ పట్టనట్లు ఉండవచ్చును. ఒక్కొక్క ఎలక్ట్రోడ్‌కు ఎంత విద్యుత్తు ఇవ్వాలో ఆడియాలజిస్టు నిర్ణయించే ప్రక్రియకు మ్యాపింగ్ అని పేరు. మొదటి సంవత్సరంలో దీనిని పలుమార్లు, ఆ తరువాత నిర్ణీత కాలవ్యవధిలో చేయించవలసి ఉంటుంది.

దీనితోపాటు శ్రవణ-వాచిక చికిత్స అనివార్యం. పెదవుల కదలికపైన ఆధారపడకుండా విని మాట్లాడటాన్ని నేర్పే ఈ శిక్షణ ఒకటి నుండి మూడు సంవత్సరాలు, కొందరిలో అంతకు మించి సాగుతుంది. శిక్షకులు వారానికి ఒకటి రెండు గంటలు మాత్రమే నేర్పగలరు. మిగిలిన సమయమంతా తల్లే గురువు. బియ్యం కడుగుతూ, స్నానం చేయిస్తూ, ముద్దలు కలిపి తినిపిస్తూ చేసే ప్రతి పనిని మాటలలో చెప్పడం, కుక్కర్ కూతను, తలుపు చప్పుడును బిడ్డకు గుర్తు చేయడం ఈ చికిత్సలో భాగమే. ఇంప్లాంట్ అమర్చిన రోజు నుండి బిడ్డ శ్రవణ వయస్సు మొదలవుతుందని నిపుణులు చెబుతారు. మూడేళ్ల వయస్సులో ఇంప్లాంట్ పొందిన బిడ్డ నాలుగేళ్లు నిండేసరికి వినికిడిలో ఏడాది పసివాడే. ఇతర పిల్లలతో పోల్చి నిరుత్సాహపడటం తగదు.

ప్రభుత్వ సహాయం

ఇంప్లాంట్ పరికరం ఖరీదు లక్షల రూపాయలలో ఉండటం వలన సామాన్య కుటుంబాలకు ఇది స్వశక్తితో సాధ్యం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో చిన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ చికిత్స చేర్చబడింది. శస్త్రచికిత్సతోపాటు మ్యాపింగ్‌ను, శ్రవణ-వాచిక చికిత్సను కూడా ప్యాకేజీలో భాగం చేయడం ఈ పథకంలోని గమనార్హమైన అంశం. 2014లో రాష్ట్ర విభజన అనంతరం ఉభయ రాష్ట్రాలలోను ఈ సేవలు వేర్వేరు ట్రస్టుల ద్వారా కొనసాగాయి. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రిలో ఈ శస్త్రచికిత్సలు నిర్వహించబడుతున్నాయి.

కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకాన్ని 2014లో సవరించినప్పుడు, ఏడాదికి 500 మంది పిల్లలకు, ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయల పరిమితితో ఇంప్లాంట్ అందించే అవకాశం కల్పించబడింది. ముంబయిలో 1983లో ఏర్పాటైన అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్య సంస్థ దీనికి నోడల్ సంస్థ. ఈ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో కలదు. బధిరత్వ నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమం 2007లో 25 జిల్లాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలలో గుర్తించవలసిన రుగ్మతలలో పుట్టుకతో వచ్చే చెవుడు ఒకటి. సంచార వైద్య బృందాలు గుర్తించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. నివారణ చర్యలలో భాగంగా తట్టు, రూబెల్లా టీకా కార్యక్రమం 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాలలోను చేపట్టబడింది.

నిర్వహణ భారం

పరికరం అమర్చడంతో బాధ్యత తీరిపోదు. లోపలి భాగం దశాబ్దాలపాటు ఉండేలా రూపొందించబడినా, వెలుపలి ప్రాసెసర్, తీగలు, ప్రసార చుట్ట, బ్యాటరీలు కాలక్రమంలో మార్చవలసి వస్తాయి. హామీ గడువు ముగిసిన తరువాత ఈ ఖర్చు కుటుంబంపైననే పడే సందర్భాలు ఉన్నాయి. ఒక తీగ తెగిపోయి, కొత్తది కొనే స్తోమత లేక పరికరాన్ని పక్కన పెట్టినచో, లక్షల రూపాయల ప్రజాధనంతోపాటు బిడ్డ నేర్చిన మాటలు కూడా వెనుకపట్టు పడతాయి. లబ్ధిదారుల జాబితాలను శస్త్రచికిత్సల సంఖ్యతో ముగించకుండా, ఎందరు పిల్లలు నేటికీ పరికరం ధరిస్తున్నారు, ఎందరు బడికి వెళ్తున్నారు అనే వివరాలతో సమీక్షించడం అధికారులకు మేలైన కొలమానం.

పరికరాన్ని చెమట, తేమల నుండి కాపాడాలి. రాత్రివేళ తేమను పీల్చే డబ్బాలో భద్రపరచాలి. తలకు దెబ్బలు తగలకుండా జాగ్రత్త వహించాలి. ఎం.ఆర్.ఐ. పరీక్షకు గాని, మరే శస్త్రచికిత్సకు గాని వెళ్లినప్పుడు ఇంప్లాంట్ ఉన్న సంగతి వైద్యులకు ముందుగా తెలియజేయాలి. పాఠశాలలో ఇటువంటి విద్యార్థిని ముందు వరుసలో కూర్చోబెట్టి, ఉపాధ్యాయులు విద్యార్థి వైపు తిరిగి మాట్లాడటం అవసరం.

సంజ్ఞా భాష స్థానం

ఇంప్లాంట్ ఒక సాధనం మాత్రమే. అది అందరికీ సరిపడదు, అందరూ దానిని కోరుకోరు. వయస్సు మించిపోయినవారికి, శ్రవణ నాడి లేనివారికి, బధిర సమాజంలో తమదైన జీవితాన్ని నిర్మించుకున్నవారికి సంజ్ఞా భాష సంపూర్ణమైన భాష. ఢిల్లీలో 2015లో భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పాటైంది. 2018లో తొలి నిఘంటువు వెలువడింది. ఇంప్లాంట్ కోసం ఎదురు చూసే కాలంలో సైతం బిడ్డను ఏ భాషా లేకుండా ఉంచరాదు. మాట ద్వారా గాని, సంజ్ఞ ద్వారా గాని తొలి సంవత్సరాలలోనే భాష అందడం ప్రతి బిడ్డ హక్కు.

తల్లిదండ్రులు, అంగన్‌వాడీ కార్యకర్తలు గమనించవలసినవి

1. నవజాత శిశువు పెద్ద శబ్దానికి ఉలిక్కిపడకపోవడం.
2. ఆరు నెలల బిడ్డ శబ్దం వచ్చిన వైపు తల తిప్పకపోవడం.
3. తొమ్మిది, పది నెలలకు "తాత, మామ, బాబా" వంటి పలుకులు రాకపోవడం, పేరు పెట్టి పిలిచినా చూడకపోవడం.
4. ఏడాదిన్నర దాటినా ఒక్క మాట కూడా పలకకపోవడం.
5. చెవి నుండి తరచు చీము కారడం, లేదా మెదడు పొరల వాపు సోకి తగ్గిన తరువాత బిడ్డ పిలుపుకు స్పందించకపోవడం.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, మరికొంత కాలం వేచి చూద్దామనుకోకుండా సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా జిల్లా కేంద్రంలోని చెవి, ముక్కు, గొంతు వైద్యుని సంప్రదించాలి. వినికిడి సక్రమంగా ఉన్నదని పరీక్షలో తేలినచో ఆ కుటుంబం నష్టపోయేది ఒక్క పూట మాత్రమే. లోపం ఉన్నట్లు తేలినచో ఆ బిడ్డకు మాటలు నేర్చే కాలం చేజారకుండా కాపాడినట్లవుతుంది.